జూన్ 15 ఉదయం ఇంజను అందుకోవాలంటే

విశాఖపట్నం సిఫ్‌నెట్ శిక్షణ కేంద్రం అధికారి గారికి,



1981లో మొదలైన మీ కేంద్రం పెద్ద చేపలవేట నౌకల ఇంజన్ గదుల్లో పనిచేయగల మెరైన్ ఫిట్టర్లను ఈ ఊళ్లోనే తయారుచేస్తోంది. నేను రాస్తున్నది మాత్రం ఆ గదుల్లో ఉండే ఇంజన్ల గురించి కాదు. ఫైబర్ తెప్ప వెనక చెక్కకు రెండు మరలతో బిగించి వేలాడదీసే చిన్న పెట్రోలు ఇంజను గురించి, అందులో గుప్పిట్లో పట్టే కార్బురేటర్ గురించి. పెదజాలారిపేట నుంచి మంగమారిపేట, భీమిలి దాకా, ఇటు అప్పికొండ, ముత్యాలమ్మపాలెం, పూడిమడక దాకా ఇసుక మీదికి లాగే తెప్పల్లో కొన్నిటికి డీజిల్ ఇంజన్లు, కొన్నిటికి పెట్రోలు ఇంజన్లు ఉంటాయి. డీజిల్ ఇంజనుకు కార్బురేటర్ ఉండదు కాబట్టి ఈ ఉత్తరం వాటిని గురించి కాదు.

అడగదలచింది ముందే చెబుతాను. ఏటా వేట నిషేధం మొదలయ్యే ముందు ఒక ఉదయం, అది ముగిసే ముందు ఇంకో ఉదయం, మీ శిక్షకులు పనిముట్లతో రేవులకు రావాలి. కార్బురేటర్ విప్పి, తెలుగులో, మా వాళ్ల చేత చేయించి నేర్పాలి. ఎందుకు ఆ రెండు రోజులే అంటే, కార్బురేటర్ పొంగే జబ్బు ఎక్కువగా పుట్టేది ఆ రెండు రోజుల మధ్యే.

2015 నుంచి మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవల వేట ఆపుతున్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక అది సరైన పనే. ఏప్రిల్ 14న తెప్ప ఒడ్డెక్కుతుంది. ఇంజను విప్పి ఇంటి అరుగు మీదో, వలల పక్కనో గోనె కప్పి పెడతారు. కార్బురేటర్ కింద ఉండే చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పెట్రోలు అలాగే ఉండిపోతుంది. విశాఖ మే నెల ఎండకు ఆ పెట్రోలులో పలచటి భాగం ఆవిరైపోతుంది. మిగిలింది జిగురై, గోధుమరంగు పొరలా గిన్నె అడుగున, పెట్రోలును ఆపే నీడిల్ అనే సూది మొన మీద, పెట్రోలు వెళ్లే సన్నటి జెట్ల కన్నాల్లో అంటుకుంటుంది. ఉప్పుగాలి, తేమ కలిసి అల్యూమినియం మీద తెల్లటి పొడి పుట్టిస్తాయి. జూన్ 15 తెల్లవారుజామున కొత్త పెట్రోలు పోసి గొట్టం మధ్యలోని రబ్బరు బల్బు నొక్కితే, ఆ జిగురుకు అతుక్కుపోయిన నీడిల్ మూసుకోదు. పెట్రోలు ఆగకుండా పొంగుతుంది. రుతుపవనం వచ్చి కెరటం లేచే రోజులు అవే. రెండు నెలలు సంపాదన లేని ఇల్లు కాబట్టి ఆ రోజు వేటకు వెళ్లకుండా ఎవరూ ఆగరు.

ఇలా పెట్రోలు పొంగడాన్ని మెకానిక్కులు ఓవర్‌ఫ్లో అంటారు. దాని పనితీరు తెలియడానికి చదువు అక్కర్లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు ఎలా ఉంటుందో కార్బురేటర్ గిన్నెలో ఫ్లోట్ అలాగే ఉంటుంది. పెట్రోలు మట్టం పెరిగే కొద్దీ ఫ్లోట్ తేలి, తన మీదున్న నీడిల్‌ను పైనున్న కన్నంలోకి నెడుతుంది. కన్నం మూసుకుంటుంది. ఇంజను తాగిన కొద్దీ మట్టం తగ్గి నీడిల్ దిగుతుంది, మళ్లీ పెట్రోలు వస్తుంది. నీడిల్ కింద ఇసుక రేణువు చిక్కుకున్నా, దాని మొన అరిగినా, ఫ్లోట్‌కు చిల్లిపడి లోపలికి పెట్రోలు చేరి బరువెక్కినా, ఫ్లోట్ ఆడే సన్నటి పిన్ను వంగినా, కన్నం పూర్తిగా మూసుకోదు. గిన్నె నిండి, గొంతులోకి పొంగి, అక్కణ్నుంచి సిలిండర్‌లోకి పోతుంది. ప్లగ్గు తడిసిపోతుంది. ఎంత లాగినా ఇంజను అందుకోదు.

దీన్ని పట్టుకోవడంలో మా రేవుల్లో జరిగే మొదటి పొరపాటు ఏమిటంటే, ప్లగ్గు తడిగా కనిపించగానే కార్బురేటర్‌ది తప్పని తేల్చేయడం. నిప్పురవ్వ రాకపోయినా ప్లగ్గు తడుస్తుంది. చోక్ లాగి మరిచిపోయినా తడుస్తుంది. రెండు సిలిండర్లకూ ఒకే కార్బురేటర్ ఉన్న ఇంజనులో ఒక ప్లగ్గు తడిగా, ఇంకొకటి పొడిగా ఉంటే ముందు చూడాల్సింది కార్బురేటర్ కాదు, తడిసిన వైపు కరెంటు. కార్బురేటర్ తప్పును తేల్చే పరీక్ష ఒకటుంది, దానికి తాడు లాగే పని కూడా లేదు. ఇంజను ఆపి, పై మూత తీసి, కార్బురేటర్ గొంతు కనబడేలా చూసుకుని, పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బును నెమ్మదిగా నొక్కాలి. బల్బు మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. అంతా సవ్యంగా ఉంటే కాసేపటికి బల్బు గట్టిపడి ఇక నొక్కుడు పడదు. అలా గట్టిపడకుండా, గొంతులోంచో పక్కన గాలి కన్నంలోంచో పెట్రోలు కారుతుంటే, నీడిల్ మూసుకోవడం లేదన్నమాట. బల్బు గట్టిపడి, ఎక్కడా చుక్క కారకపోతే ప్లగ్గు తడికి కారణం ఇంకోచోట వెతకాలి. ఈ ఒక్క పరీక్ష వచ్చినవాడు అనవసరంగా కార్బురేటర్ విప్పడు. విప్పిన ప్రతిసారీ గ్యాస్కెట్టు చిరగడం, మరల గాడి పోవడం చూస్తూనే ఉన్నాం.

పరీక్షలో తప్పు తేలితే గిన్నె విప్పాలి. ముందు గొట్టం తీసేసి, గిన్నె కింద మర వదులు చేసి, లోపలి పెట్రోలును గాజు సీసాలోకి పట్టి వెలుగులో చూడాలి. అడుగున నీళ్ల బుడగ ఉందా, ఇసుక ఉందా, నల్లటి రబ్బరు తునకలు ఉన్నాయా అన్నది అక్కడే తెలిసిపోతుంది. రబ్బరు తునకలుంటే జబ్బు గొట్టంలో ఉందని అర్థం. కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా, గొట్టం మార్చే దాకా మళ్లీ మళ్లీ వస్తుంది. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు ఉంటే గలగలమంటుంది. అనుమానంగా ఉంటే వేడినీళ్లలో ముంచితే చిల్లి ఉన్నచోట బుడగలు లేస్తాయి. నీడిల్ మొన మీద గోరు ఆడిస్తే, అరిగి గాడి పడినచోట గోరు తట్టుకుంటుంది. అలా తట్టుకుంటే ఆ నీడిల్ ఇక పనికిరాదు, రాపిడి కాగితంతో రుద్ది బాగుచేద్దామనుకోకూడదు. ఫ్లోట్ మట్టం చూడడానికి కార్బురేటర్‌ను తలకిందులు చేసి పట్టుకుంటే, చాలా ఇంజన్లలో ఫ్లోట్ గిన్నె కూర్చునే అంచుకు సమాంతరంగా నిలవాలి. కచ్చితమైన కొలత ఆ ఇంజను పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాలు ఇంగ్లిషులో ఉంటాయి, ఇంజనుతో పాటే కొన్నాళ్లకు పోతాయి కూడా. ఆ కొలతలను తెలుగులో ఒక అట్ట మీద అచ్చువేసి ఇవ్వడం మీ చేతిలో పని.

జెట్లు శుభ్రం చేసేటప్పుడు ఇనుప తీగ, గుండుసూది వాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇత్తడి జెట్టు కన్నం వెంట్రుకవాసి పెరిగినా, ఆ జెట్టు మార్చేదాకా ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, నల్లపొగ కక్కుతుంది. మన తెప్ప మీదే నైలాన్ గాలపు తాడు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. సన్నదాని ముక్క కోసి దూర్చితే చాలు, ఇత్తడికి గీత పడదు.

మన లాంటి ఇసుక రేవుల్లో పెట్రోలు పొంగడానికి ఇంకో కారణం ఉంది.  హార్బర్‌లో జెట్టీకి కట్టే పడవ ఇంజను ఎక్కువగా నిటారుగానే ఉంటుంది. మా తెప్పలు కెరటాల్లోంచి దూసుకొచ్చి ఇసుకెక్కాలి. ఆఖరి కెరటం మీద ఉండగానే పంకా ఇసుకకు తగలకుండా ఇంజనును పైకి ఎత్తేస్తారు. ఎత్తిన ఇంజనులో ఫ్లోట్ ఏటవాలుగా పడి నీడిల్ వదులవుతుంది. గొట్టం తగిలించే ఉండి, గాలి మర మూసిన ట్యాంకు ఎండకు కాగి ఉబ్బితే, లోపలి ఒత్తిడి పెట్రోలును ఆ వదులు గుండా తోసేస్తుంది. చేపలు దించుకుని, వలలు సర్దుకుని వచ్చేసరికి గిన్నె పొంగి ఇంజను తడిసి ఉంటుంది. నీడిల్ కొత్తదైనా, ఫ్లోట్ మంచిదైనా ఇది జరుగుతుంది. మందు కూడా సులువే: తెప్ప ఇసుకెక్కగానే చేయాల్సిన మొదటి పని గొట్టాన్ని ఇంజను దగ్గర ఊడదీయడం. ట్యాంకు మూత మీది గాలి మర ఇంజను నడుస్తున్నంతసేపూ తెరిచే ఉండాలి. అది మూస్తే ఈసారి పెట్రోలు అందక ఇంజను ఆగిపోతుంది. ఆ రెండు మాటలు ఒక పిల్లవాడికి చెప్పినా గుర్తుపెట్టుకుంటాడు, ఎవరూ చెప్పకపోవడమే లోటు.

పెట్రోలు కూడా మారింది. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలై, ఇప్పుడు అదే అంతటా దొరుకుతోంది. ఔట్‌బోర్డు ఇంజన్లు చేసే కంపెనీలు చాలావరకు 10 శాతం దాకా పర్వాలేదని తమ పుస్తకాల్లో రాశాయి. పాత ఇంజన్లు ఆ మాట కూడా రాయని కాలానివి. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. సముద్రం మీద తేమకు కొదవ లేదు. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. గొట్టం పీల్చేది అడుగు నుంచే. పాత రబ్బరు గొట్టాల లోపలి పొర మెత్తబడి ఊడిపోతుంది, ఇందాక చెప్పిన నల్ల తునకలు అవే. రబ్బరు మొన ఉన్న పాత నీడిల్ ఉబ్బి అతుక్కుపోతుంది. బంకులో మనకు ఎంచుకునే వీలు పెద్దగా లేదు. చేయగలిగింది ఒకటే, వేటకు కావాల్సినంతే ఎప్పటికప్పుడు కొనడం, నెలల తరబడి డబ్బాల్లో దాచకపోవడం. నిషేధం ముందు మిగిలిన, ఆయిల్ కలపని పెట్రోలును ఇంట్లో బైకులో పోసుకుంటే ఖర్చైపోతుంది. జూన్‌లో ఇంజనుకు కొత్తది పోయాలి.

నిషేధం ముందు ఉదయం నేర్పాల్సింది గిన్నె ఖాళీ చేయడం. ఒడ్డున డ్రమ్ములో మంచినీళ్లు పెట్టి, ఇంజనును దాంట్లో నిలబెట్టి నడుపుతూ పెట్రోలు గొట్టం తీసేస్తే, గిన్నె ఖాళీ అయ్యేదాకా నడిచి అదే ఆగిపోతుంది. తర్వాత గిన్నె కింద మర తిప్పి మిగిలిన చుక్కలు దించేయాలి. మంచినీళ్లు లోపలి ఉప్పును కూడా కడిగేస్తాయి. ఈ పని చేసిన ఇంజనుకు జూన్‌లో పొంగే అవకాశం చాలా తగ్గుతుంది. మా రేవుల్లో ఇది చేసే ఇళ్లు తక్కువ. సోమరితనం వల్ల కాదు, పని లేకుండా పడి ఉన్న ఇంజనులో జబ్బు పుడుతుందని వాళ్లకు ఎవరూ చూపించలేదు.

ఒడ్డున పొంగితే ఒక పూట వేట పోతుంది. సముద్రంలో పొంగితే వేరే సంగతి. యారాడ కొండ కనుమరుగైనంత దూరంలో ఇంజను ఆగిన తెప్ప నిలిచినచోట నిలవదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీటి ప్రవాహం ఈశాన్యానికి పోతుంది, అంటే భీమిలి దాటి శ్రీకాకుళం, ఒడిశా వైపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతికి, కాకినాడ వైపు. మధ్యలో పోర్టుకు వచ్చే ఓడలు లంగరేసుకునే చోట్లు, వాటి దారులు ఉన్నాయి. రాత్రివేళ దీపం లేని తెప్ప ఓడ మీదివాళ్లకు కనబడదు. అందుకే నడిసముద్రంలో ఏం చేయాలో చేతులకు అలవాటు కావాలి. తడిసిన ఇంజనును అదే పనిగా లాగడం వల్ల ఇంకా తడుస్తుంది తప్ప లాభం లేదు. గొట్టం ఊడదీయాలి, చోక్ లోపలికి తోసేయాలి, యాక్సిలరేటర్ తిరిగినంతా తిప్పి తాడు లాగాలి. ఎక్కువైన పెట్రోలును గాలి బయటికి తీసుకుపోతుంది. అందుకోగానే యాక్సిలరేటర్ వెంటనే తగ్గించి, నిలకడగా నడుస్తుంటేనే గొట్టం మళ్లీ తగిలించాలి.

తాడు లాగితే రాయిలా బిగుసుకుపోతే బలం పెట్టకూడదు. సిలిండర్‌లో పెట్రోలు నిండిపోయిందేమో చూడాలి. పెట్రోలు నొక్కితే కుదించుకుపోదు, మొండిగా లాగితే లోపలి కడ్డీ దెబ్బతినొచ్చు. ప్లగ్గులు తీసి, ఇంజను ఆపే క్లిప్పు ఊడదీసి, ముఖం పక్కకు తిప్పుకుని నెమ్మదిగా లాగితే పెట్రోలు చిమ్ముకుని బయటికి వస్తుంది. క్లిప్పు మరిచిపోతే వేలాడే ప్లగ్గు తీగ నిప్పురవ్వ కొడుతుంది, చిమ్మిన పెట్రోలు అంటుకుంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, తెప్ప అడుగున వలల మధ్య చేరి అక్కడే ఉంటుంది. బీడీ, పొయ్యి, బ్యాటరీ తీగలు అన్నీ ఆ అడుగునే ఉంటాయి. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో ఒక బోటు నుంచి ఇంకో బోటుకు మంట పాకి పదుల కొద్దీ కాలిపోవడం ఈ ఊరు చూసింది. ఆ మంటకు కార్బురేటర్‌తో సంబంధం లేదు. నీళ్ల మీద మంట ఎంత వేగంగా పాకుతుందో మాత్రం అప్పట్నుంచి మాకెవరికీ చెప్పక్కర్లేదు. ఇవన్నీ చేసినా ఇంజను అందుకోకపోతే, ఫోను సిగ్నలు ఉండగానే కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు చేయాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఇంకో ప్రమాదం తోడవుతుంది. పొంగిన పెట్రోలు సిలిండర్‌లో పిస్టన్ పక్కనుంచి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. కొలత పుల్ల తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి ఉంటుంది, పెట్రోలు వాసన వేస్తుంది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. నీడిల్ మార్చి అక్కడితో ఆగిపోయినవాళ్లు తర్వాత ఇంజనంతా విప్పించుకున్న సందర్భాలున్నాయి. నీడిల్ మార్చిన రోజే ఆయిల్ కూడా మార్చాలి. ఇంకోటి కూడా ఉంది, పెట్రోలు పంపు లోపలి పలచటి రబ్బరు పొర. అది చిరిగితే నీడిల్ బాగానే ఉన్నా పెట్రోలు నేరుగా ఇంజనులోకి చేరుతుంది. కార్బురేటర్ మీద రెండుసార్లు పనిచేసినా జబ్బు తగ్గలేదంటే పంపు విప్పి ఆ పొరను వెలుగుకు పట్టి చూడాలి.

ఇంతకాలం ఈ పనులు ఎవరు చేశారో మీకు తెలుసు. ఎక్కువగా బైకు మెకానిక్కులే. కంచరపాలెంలో, గాజువాకలో, ఎంవీపీ కాలనీ సందుల్లో ఉన్న షెడ్లకు మా వాళ్లు కార్బురేటర్‌ను గుడ్డలో చుట్టి పట్టుకెళ్లేవారు. బైకు కార్బురేటర్ తెలిసినవాడికి ఇది చూడగానే అర్థమయ్యేది. 2020 ఏప్రిల్ 1న దేశమంతా వాహనాల పొగకు బీఎస్-6 నిబంధనలు వచ్చాయి, కొత్త బైకులన్నీ దాదాపుగా కార్బురేటర్ వదిలి ఇంజెక్షన్‌కు మారాయి. ఇవాళ షెడ్డులో చేరే కుర్రాడు స్కానర్ పెట్టడం నేర్చుకుంటున్నాడు. ఫ్లోట్ మట్టం సరిచేయడం అతనికి ఎవరూ నేర్పరు, అతనికి అవసరమూ లేదు. గాలికి అది మేలు, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ నీడిల్‌ను గోటితో పరీక్షించే చేతులు ఈ ఊళ్లో ఏటా తగ్గుతున్నాయి. మా తెప్పల మీద పాత ఇంజన్లు మాత్రం ఇంకా చాలాకాలం నడుస్తాయి, కొత్త ఇంజను కొనడం అందరి వల్లా కాదు. ఆ పని నేర్పగలిగిన సంస్థ మీది. మీ దగ్గర బల్లలున్నాయి, శిక్షకులున్నారు, మెరైన్ ఫిట్టర్ కోర్సులో చదివే కుర్రాళ్లున్నారు. వాళ్లకు కూడా ఇసుక మీద ఒక ఉదయం పనిచేయడం చదువులో భాగమవుతుంది.

శిక్షణ మాట అనగానే హాలు, కుర్చీలు, తెర మీద బొమ్మలు గుర్తొస్తాయి. అలా వద్దు. వేటకెళ్లే మనిషి వేళ్లు మందంగా ఉంటాయి, వలల కోతలతో కాయలు కాసి ఉంటాయి. ఆ వేళ్లతో సన్నటి పిన్ను పట్టుకుని ఫ్లోట్ ఎక్కించడం చూసి వచ్చేది కాదు, చేస్తేనే వస్తుంది. ఒక్కొక్కరి చేతికీ ఒక పాత కార్బురేటర్ ఇచ్చి, కావాలనే నీడిల్ కింద ఇసుక వేసి, బల్బు నొక్కించి, తప్పు వాళ్ల చేతే పట్టించాలి. ఇంట్లో ఆడవాళ్లను కూడా పిలవాలని నా కోరిక. నిషేధం రెండు నెలలూ ఇంజను ఉండేది ఇంట్లో, దాని పక్కన పొయ్యి వెలిగేది కూడా అక్కడే. పెట్రోలు వాసన ముందు పసిగట్టేది వాళ్లే.

విడిభాగాల సంగతి మత్స్యశాఖతో మీరు మాట్లాడాలి. నీడిల్, దాని కన్నం, ఫ్లోట్ పిన్ను, గిన్నె గ్యాస్కెట్టు, పంపు పొర, ఈ అయిదూ ఉన్న చిన్న డబ్బా ఒకటి, మన రేవుల్లో ఎక్కువగా వాడే ఇంజన్లకు సరిపోయేది, మత్స్యకార సహకార సంఘాల దగ్గర ధర చీటీతో ఉండాలి. ఉచితంగా అడగడం లేదు. అసలుది దొరక్కే మా వాళ్లు అట్టముక్క కత్తిరించి గ్యాస్కెట్టు చేస్తున్నారు. ఆ అట్ట పెట్రోలులో నాని పీచు పీచుగా విడిపోయి మళ్లీ నీడిల్ కిందికే చేరుతుంది.

మొదటి ఉదయానికి పెదజాలారిపేట రేవు సరిపోతుందనుకుంటున్నాను. జూన్ మొదటి వారం, ఎండ ఎక్కకముందు, ఆరున్నరకు మొదలుపెడితే తొమ్మిదికల్లా అయిపోతుంది. పనికిరాని కార్బురేటర్లు, చిరిగిన బల్బులు, చిల్లిపడ్డ ఫ్లోట్లు మేం పోగుచేసి తెస్తాం. నీడకు తాటాకు పందిరి, మంచినీళ్ల డ్రమ్ము మావి. మీరు స్క్రూడ్రైవర్లు, కొత్త నీడిళ్లు, తెలుగులో మాట్లాడే ఇద్దరు శిక్షకులను పంపితే చాలు. తేదీ మీరే చెప్పండి, రేవులో చాటింపు మేం వేయిస్తాం.

ఇట్లు,
రేవుల దగ్గర చిన్న ఇంజన్లు బాగుచేసే ఒక మెకానిక్,
విశాఖపట్నం